నేను తుడిచిన గోడ

మా అత్తమ్మ గదిలో గోడకు నల్లబూజు పట్టిందని నేను మూడేళ్ళ పాటు బయట ఎవరికీ చెప్పలేదు. ఇంటికి ఎవరైనా వస్తే ముందుగా ఆ గది తలుపు దగ్గరగా వేసేదాన్ని. అడిగినవాళ్ళకు "అత్తమ్మ పడుకుంది" అనేదాన్ని. పట్టపగలు పదకొండు గంటలకు కూడా నా లెక్క ప్రకారం ఆమె పడుకునే ఉండేది. ఆమె మాత్రం వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, ఆ మాట వినపడినా తల ఎత్తేది కాదు.

ఇది డెబ్బైల నడుమ సంగతి. వికారాబాదులో రైలు స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో మాదొక రాతి గోడల మట్టిమిద్దె. మా ఆయన ఆఫీసులో గుమాస్తా. అప్పటికింకా పిల్లలు లేరు. ఇంట్లో ఆయన, నేను, అత్తమ్మ, అంతే. నేను తాండూరు పిల్లను. మా నాయన అక్కడ బండల గనిలో మేస్త్రీగా చేసేవాడు. తాండూరు ఎంతో దూరం కాదు, పొద్దున ప్యాసింజరు ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు. ఆ దగ్గరతనమే నాకు పెద్ద పరేషాన్. ఇక్కడ తుమ్మితే అక్కడ మా అమ్మకు వినపడుతుందని భయపడేదాన్ని. ఫలానావాళ్ళ బిడ్డ ఇల్లు ఎట్లా పెట్టుకుందో చూడు అని తాండూరులో ఎవరైనా అంటారేమోనని, పెండ్లయిన నాటి నుంచి గిన్నెలు కూడా రెండుసార్లు తోమేదాన్ని.

అత్తమ్మకు దమ్ము ఉండేది. ఆయాసాన్ని మా వైపు అట్లాగే అంటారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అది చలికాలంలో నాలుగు రోజులు కనపడి పోయే చుట్టం. తర్వాత ఏటేటా వానాకాలం మొత్తం తిష్ట వేయడం మొదలుపెట్టింది. వాన మొదలైతే చాలు, ఆమె ఊపిరిలో సన్నటి ఈల వినపడేది. మంచం మీద కూర్చుని, రెండు చేతులు పట్టెకు ఆన్చి, మెడ నరాలు లేచేటట్టు గాలి పీల్చుకునేది. మా ఊరి గుట్ట మీది దవాఖానకు ఎక్కడెక్కడి నుంచో ఛాతీ జబ్బులవాళ్ళు మంచి గాలి కోసం వచ్చేవాళ్ళు. అంత మంచి గాలి ఉన్న ఊళ్ళో మా అత్తమ్మకే ఊపిరాడేది కాదు.

ఒక ఏడు వానలు తగ్గాక డాక్టరు మా ఇంటికే వచ్చి చూశాడు. నేను తలుపు దగ్గరగా వేసే లోపలే గదిలోకి పోయాడు. మంచం అవతల గోడ అడుగున మోకాలెత్తు దాకా నల్లగా, అక్కడక్కడ పచ్చగా, ముట్టుకుంటే మెత్తగా ఉన్న బూజును చూశాడు. పైన కప్పు మూలన కూడా జానెడు మచ్చ ఉంది. మూలన ఉన్న గుమ్మిలో చేయి పెట్టి పిడికెడు కందులు తీశాడు. అడుగు గింజలు ముద్ద కట్టి ఉన్నాయి. ఆయన చేయి దులుపుకుని మా ఆయనతో, "మందులు నేనిస్త. కానీ గీ గోడ సంగతి చూడకుంటె వచ్చే వానాకాలం అమ్మను గీ ఇంట్ల ఉంచొద్దు" అన్నాడు.

ఉంచొద్దు అంటే మర్పల్లికి పంపడమే. మా ఆయన అక్క, నాకు వదిన, అక్కడ ఉండేది. ఆమెకు తల్లి మీద ప్రాణం. ఆ మాట తెలియగానే వచ్చి, "వానలు పడేలోగ బాగు చేయిస్తరా సరే. లేకుంటె నేనొచ్చి తీస్కపోత" అని చెప్పి పోయింది. వదిన వెళ్ళిపోయాక అత్తమ్మ నాతో, "కొడుకున్నంక బిడ్డ ఇంట్ల ఎన్ని దినాలుంటరు? మామ గీ రూములనే పోయిండు. నేను సుత గీడనే పోత" అంది. ఏడుపు లేదు, కోపం లేదు. కూరగాయల సంగతి చెప్పినట్టు చెప్పింది.

నిజం చెప్పాలి. వదిన తీసుకుపోతానన్నప్పుడు ఒక్క క్షణం నాకు ప్రాణం హాయిగా అనిపించింది. వంటిల్లు నా ఒక్కదానిదే అవుతుందని, ఉప్పు ఎంత వేయాలో ఎవరూ చెప్పరని. అత్తమ్మ ఆ మాట అనేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది. ఎట్లాగైనా ఆ గోడ బాగు చేయించాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

మా ఆయన ఆఫీసులో ఎవరో చెప్పారట, తాండూరులో ఒక ఉస్తాద్ ఉన్నాడు, గోడలకు పట్టిన బూజు తీయడంలో ఆయన తర్వాతే ఎవరైనా అని. పాత ఇళ్ళకు, కందుల గోదాములకు ఆయన చేతి సున్నపు గచ్చు పడితే మళ్ళీ చెమ్మ రాదట. సంతోషంతో ఇంటికి వచ్చి చెప్పాడు. ఆ ఉస్తాద్ నాకు బాగా తెలిసినవాడే. మా అమ్మ ఉండే గల్లీకి వెనక గల్లీలోనే ఆయన ఇల్లు. చిన్నప్పటి నుంచి నేను చాచా అని పిలిచే మనిషి. మా నాయన బతికున్నన్నాళ్ళు ఆయనతో కలిసి చాయ్ తాగిన మనిషి. పోయి పోయి ఆయన ముందే నా కాపురం బండారం బయటపడాలా అనుకున్నాను. వేరే ఎవరూ లేరా అని అడిగితే, "నీ ఊరి మనిషే గదా, మంచిగ చేస్తడు" అన్నాడు మా ఆయన. మగవాళ్ళకు కొన్ని సంగతులు ఎంత చెప్పినా తలకెక్కవు.

మా ఆయన కార్డు రాశాడు. చాచా ఎవరి చేతో రాయించి జవాబు పంపాడు. అందులో నాలుగే ముక్కలు. గదిలో ఉన్న సామాను మొత్తం బయట పెట్టండి. పరుపులు, బొంతలు ఎండకు వేయండి. తలుపు, కిటికీ తెరిచి ఉంచండి. నేను వచ్చేదాకా గోడను ముట్టకండి, ఎట్లా ఉన్నది అట్లాగే ఉండనియ్యండి. కార్డు పగటి పూట నా చేతికి వచ్చింది. సాయంత్రం మా ఆయనకు మొదటి మూడు ముక్కలు చెప్పాను. నాలుగోది చెప్పలేదు. కార్డు పొయ్యిలో పెట్టేశాను.

సామాను బయట పెట్టడమే ఒక యుద్ధం. పాతికేళ్ళుగా ఆ గదిలోకి పోయినవి పోవడమే గాని తిరిగి రావడం ఎరుగవు. కందుల గుమ్మి, రెండు సందూకులు, విరిగిన ఉయ్యాల, మామయ్య చేతికర్ర, ఎవరి పెండ్లివో తెలియని ఇత్తడి గంగాళాలు అన్నీ ముందు వాకిట్లోకి వచ్చాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, "ఇల్లు ఖాళీ చేస్తున్నరా?" అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. తొక్కు జాడీలను మాత్రం అత్తమ్మ ఎవరినీ తాకనివ్వలేదు. స్నానం చేసి, మడతలు పెట్టిన గుడ్డ పట్టుకుని, ఒక్కో జాడీ దగ్గర నాలుగుసార్లు కూర్చుని లేస్తూ తానే మోసింది. దేవుని పటాలు చివరగా తీసి వంటింట్లో పెట్టింది. గది బోసిపోయింది. అప్పుడు కనపడింది నలుపు మొత్తం. గుమ్మి వెనక, సందూకుల వెనక, గోడ ఈ చివర నుంచి ఆ చివరకు.

దాన్ని చాచాకు చూపించడం నా వల్ల కాదనిపించింది.

మర్నాడు మా ఆయన ఆఫీసుకు పోగానే కొంగు బిగించాను. ఎండు చీపురు తీసుకుని గోడ అడుగు మొత్తం బరబరా గీకాను. నల్లటి దుమ్ము లేచి గది నిండింది. తర్వాత కొబ్బరి పీచుకు బూడిద అద్ది రుద్దాను. ఆ పైన నీలిమందు కలిపిన సున్నం రెండు చేతులు వేశాను. సాయంత్రానికి గోడ పెండ్లివారింటి గోడలా తళతళలాడింది. కప్పు మూలన ఉన్న జానెడు మచ్చను మాత్రం ముట్టుకోలేదు. ఏదో ఒకటి చూపించాలి కదా. కప్పు కారడం పరువు తక్కువ పని కాదు. వానకు కారని మట్టిమిద్దె ఉంటుందా? కింద గోడకు బూజు పట్టిందంటేనే ఇల్లాలి చేతకానితనం అనేది నా సిద్ధాంతం. అత్తమ్మ రెండు మూడుసార్లు గడప దాకా వచ్చి చూసి, దగ్గుకుంటూ వెనక్కి పోయింది.

రెండు రోజులకు ఉస్తాద్ చాచా వచ్చాడు. సన్నటి మనిషి, గోళ్ళ సందుల్లో ఎన్నటికీ పోని తెలుపు. చెప్పులు బయట విడిచి, గదిలోకి వచ్చి, ముందు నిలబడి వాసన చూశాడు. తర్వాత అరచేయి గోడకు ఆన్చి కొంతసేపు ఉంచాడు. చేయి తీసి చూసుకున్నాడు.

"సున్నం ఎప్పుడేసిండ్రు బిడ్డా?"

"ఉగాదికి చాచా."

"కింద ఏడన్న నలుపు ఉండెనా?"

"లేదు చాచా. గా కప్పు మూలనే."

ఆయన నా వైపు చూశాడు. నా వెనక నిలబడిన అత్తమ్మ వైపు చూశాడు. "సరే" అన్నాడు. మూడు రోజులు ఉండి మిద్దె మీద పాత మట్టి తీసి, కొత్తగా చౌడు మట్టి పోసి తొక్కించి, కప్పు మూలకు గచ్చు చేసి పోయాడు. పోతూ పోతూ, "వానలు పడ్డంక ఎట్లున్నదో జర కార్డు రాయిండ్రి" అన్నాడు. తాండూరులో మా అమ్మకు నా ఇల్లు అద్దంలా ఉందని చెప్పాడట. అమ్మ ఉత్తరంలో ఆ మాట చదివి మురిసిపోయాను.

ఆ మురిపెం మృగశిర దాకే. మూడో వానకు నా తెల్లటి గోడ మీద అడుగున బూడిద రంగు చుక్కలు లేచాయి. వారానికి చుక్కలన్నీ కలిసిపోయాయి. సున్నం పొరలు పొరలుగా ఊడి కింద పడింది. దాని వెనక నలుపు మునుపటి కన్నా ఎత్తుకు ఎక్కి కూర్చుంది. కప్పు మూల మాత్రం బాగా ఎండి తెల్లగా ఉంది.

ఆ వారమే అత్తమ్మకు ఎన్నడూ రానంత దమ్ము వచ్చింది. ఒక పొద్దున చాయ్ ఇవ్వడానికి పోతే, మంచం పట్టె పట్టుకుని కూర్చుని, నా వైపు చూసి ఏదో చెప్పబోయి చెప్పలేకపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి. చాయ్ గ్లాసు కింద పెట్టి కేకేశాను. మా ఆయన పరుగెత్తి డాక్టరును తీసుకొచ్చాడు. సూది మందు పడ్డాక, మధ్యాహ్నానికి ఊపిరి నిలకడ మీదికి వచ్చింది. డాక్టరు ఈసారి నాకే చెప్పాడు, "ఇంకోపారి గిట్లయితె నా చేతుల ఉండదమ్మా" అని.

వదిన మర్నాడే దిగింది. అత్తమ్మను ముందు వసారాలో పడుకోబెట్టాం. వదిన చీరలు మూట కడుతూ ఉంటే అత్తమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, ఆమె తుడుచుకోవడం లేదు. పెండ్లయినప్పటి నుంచి ఆమె ఏడవడం నేను చూడలేదు. మా ఆయన కిందికి చూస్తూ నిలబడ్డాడు. నా గొంతు నాకే తెలియకుండా లేచింది.

"వదినా, పదిహేను రోజులు ఆగు. నీకు దండం పెడత. తప్పు నాది."

"నీ తప్పేందే? గోడకు నువ్వేం చేస్తవ్?" అంది వదిన.

ఎండు చీపురు సంగతి, సున్నం సంగతి, కాల్చేసిన కార్డు సంగతి అక్కడే చెప్పేశాను. మా ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. వదిన నోటికి వచ్చినట్టు తిట్టింది. అవన్నీ పడవలసిన తిట్లే కాబట్టి తల వంచుకుని పడ్డాను. చివరికి పదిహేను రోజులు గడువు ఇచ్చింది. అప్పటి దాకా తానూ అక్కడే ఉండి తల్లిని చూసుకుంటానంది.

నేను పొద్దుటి ప్యాసింజరులో తాండూరు పోయాను. పెట్టె నిండా కన్నడం మాట్లాడుకుంటూ పోయే ఆడవాళ్ళు. ఒకామె నా ముఖం చూసి అడగకుండానే సగం జొన్నరొట్టె తుంచి ఇచ్చింది. అమ్మ గల్లీలోకి పోకుండా నేరుగా వెనక గల్లీకి పోయాను. చాచా ఇంటి ముందు గుంతలో సున్నం నానుతోంది. ఆయన కర్రతో కలుపుతున్నాడు. నిలబడే మొత్తం చెప్పేశాను.

"నాకు తెలుసు బిడ్డా" అన్నాడు కర్ర ఆపకుండా. "ఉగాది సున్నం చేతికి గంతగనం అంటదా? రెండు దినాల సున్నం అది."

"మరి గప్పుడే ఎందుకు అనలేదు చాచా?"

"నీ అత్త నీ ఎన్కనే నిలవడ్డది. ఆమె ముంగట నా దోస్తు బిడ్డను అబద్ధం ఆడినవని ఏమనాలె? మీ నాయన ఉంటె వేరే ముచ్చట." కర్ర పక్కన పెట్టాడు. "అది నా తప్పు. పని కాడ మొఖం చూడొద్దు, గోడ చూడాలె. హకీం దగ్గరికి పోయేటప్పుడు ఎవలన్న నొప్పి దాసిపెట్టి పోతరా? గోడ మీది నలుపే నాకు చెప్తది నీళ్ళు ఏడికెంచి వస్తున్నయో. నువ్వు దాని నోరు మూసినవ్, నేను ఊకున్న."

అప్పుడు ఎండు చీపురుతో గీకిన సంగతి కూడా చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. "ఎండుగ రుద్దినవా? గా దుమ్ము ఏడికి పోతదనుకున్నవ్? పీల్చేటోళ్ళ ఛాతీలకే పోతది." గడప దాకా వచ్చి దగ్గుకుంటూ వెనక్కి పోయిన అత్తమ్మ నాకు గుర్తుకు వచ్చింది. అక్కడే ఆయన గడప మీద కూలబడి ఏడ్చాను. ఆయన లోపలికి పోయి చాచీని పిలిచి నీళ్ళు ఇప్పించాడు.

వానలు తెరిపి ఇవ్వగానే ఆయన వచ్చాడు. ఈసారి నేను వేలు కూడా పెట్టలేదు. నల్లగా ఉన్న గోడను ఉన్నది ఉన్నట్టు వదిలేసి గది తలుపులు బార్లా తెరిచాను. సామాను వాకిట్లో పెట్టి, అడిగిన వాళ్ళందరికీ గోడకు బూజు పట్టిందనే చెప్పాను. తీరా చూస్తే ఎదురింటామె, "మా ఇంట్ల సుత గట్లనే ఉన్నది, ఉస్తాద్‌ను ఒకపారి మా దిక్కు పంపు" అని గుసగుసగా అంది. మూడేళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరం తలుపులు దగ్గరగా వేసుకుని బతికామన్నమాట.

చాచా ముందు అత్తమ్మ మంచాన్ని ఇంకా దూరంగా, గాలి అటు తగలని వైపు వేయించాడు. ముక్కుకు, నోటికి తడిగుడ్డ కట్టుకున్నాడు. వెంటనే గోడను ముట్టుకోలేదు. గది నడుమ గొంతుక్కూర్చుని చాలాసేపు నలుపునే చూశాడు. తర్వాత బొగ్గుముక్కతో దాని అంచు వెంట గీత గీశాడు. ఆ గీత తలుపు వైపు నుంచి పైకి పోయి, గోడ మధ్యలో నడుమెత్తుకు లేచి, మళ్ళీ కిందికి దిగింది.

"మీదికెంచి రాలేదు. కిందికెంచే ఎక్కింది. గీ నడుమ అన్నిటికన్న ఎక్కువున్నది. అంటె అవతల సరిగ్గ గీడనే నీళ్ళు నిలుస్తున్నయ్. అవతల ఏమున్నది బిడ్డా?"

అవతల మా నాయన బండలున్నాయి.

నా పెండ్లయిన రెండో ఏడు, పెరట్లో స్నానాల చోటు బురదగా ఉందని నేను ఒకసారి అన్నందుకు మా నాయన తాండూరు నుంచి పది నీలం బండలు పంపాడు. తానే ఏరి, నున్నగా అరగదీయించిన బండలు. పరిచేటప్పుడు ఆయన రాలేకపోయాడు, అప్పటికే మంచాన ఉన్నాడు. నేనే దగ్గరుండి పరిపించాను. స్నానం నీళ్ళు నలుగురూ తిరిగే పెరట్లోకి పారితే బాగుండదని, నీళ్ళు పారే వాటాన్ని గోడ వైపు పెట్టించాను. గోడ వెంట చిన్న కాలువ ఉంది కదా, దాంట్లో పడి పోతాయిలే అన్నాను. కూలీలు అమ్మా వద్దు అంటే, బండలవాళ్ళ బిడ్డను నాకు చెప్తున్నారా అన్నాను. ఆ ఏడే మా నాయన పోయాడు. కాలువ పూడిపోయింది. నేను చూడలేదు.

చాచా పెరట్లోకి వచ్చి ఒక బిందె నీళ్ళు బండల మీద కుమ్మరించాడు. నీళ్ళు సర్రున గోడ దగ్గరికి పోయి నిలబడ్డాయి. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం, ఆయన, నేను, వదిన. కొంతసేపటికి నీళ్ళు లేవు. ఎటూ పారలేదు, గోడ తాగేసింది. వానకు బండల మీద పడిన ప్రతి చుక్కా మూడేళ్ళుగా అట్లాగే పోతోంది.

"బండలది తప్పు లేదు. మీ నాయన పంపినయి ఏ వన్నె బండలో నాకెర్కే" అన్నాడు చాచా మెల్లగా. "వాటం తప్పు. తీసి, మల్ల పరవాలె."

అప్పుడే వసారా నుంచి అత్తమ్మ గోడ పట్టుకుని నడిచి వచ్చింది. రెండడుగులకు ఒకసారి ఆగుతూ వచ్చి, పెరటి గుమ్మంలో కూర్చుండిపోయింది.

"ఉస్తాద్, బండలు ముట్టకు" అంది. "ఉండనియ్యి. నేను మర్పల్లి పోత. నాకు ఆడ మంచిగనే ఉంటది."

నిన్నటి దాకా పోనని కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషి. నాకేమీ అర్థం కాలేదు. ఆమె ముఖం చూశాక అర్థమైంది.

"అత్తమ్మా, నీకు ముందే ఎర్కనా?"

ఆమె గాలి పీల్చుకుంది. "ముప్పయ్యేండ్లాయె గీ ఇంట్లకొచ్చి. ఏ గోడకు ఎప్పుడు చెమ్మొచ్చిందో నాకు తెల్వదా?"

"మరి నాకెందుకు చెప్పలె?"

"చెప్దమనుకున్న. గప్పుడే మీ నాయన పోయిండు." మళ్ళీ ఆగింది. "నువ్వు దినాం పొద్దున లేసి గా బండలను తడిగుడ్డ పెట్టి తుడిచెటిదానివి. ఎవ్వరు చూస్తలేరనుకొని వాటి మీద చెయ్యి పెట్టి కూసునెటిదానివి. తియ్యమని నీకు ఏ నోటితోటి చెప్పాలె బిడ్డా?"

నేను పరువు కోసం గోడ తుడిచాను. ఆమె నా కోసం ఆ గోడ పక్కనే మూడు వానాకాలాలు పడుకుంది. ఉప్పు ఎక్కువైందని రోజూ అనే మనిషి, ప్రాణం మీదికి వచ్చిన మాట మాత్రం మూడేళ్ళు నోట్లోనే దాచుకుంది. ఏడవడానికి కూడా సిగ్గేసింది. మూలన ఉన్న గడ్డపార తీసుకున్నాను. చాచా "నువ్వొద్దు బిడ్డా, నేను తీస్త" అని చేయి చాపాడు. నేను ఇవ్వలేదు. మొదటి బండ సందులో గడ్డపార పెట్టి లేపాను. వెనక నుంచి అత్తమ్మ, ఊపిరి అందకపోయినా, "మెల్లగ... పగులుతయ్" అంటూనే ఉంది. పదింటిలో రెండు పగిలాయి. రెండుసార్లూ "అయ్యో" అన్నది ఆమే.

తర్వాతిది చాచా పని. గోడ మీద ముందు సున్నపు తేట చల్లి నలుపును తడిపాడు, దుమ్ము లేవకుండా. బొగ్గు గీతకు ఇంకో మూరెడు పైదాకా పాత పూతను రాయి కనపడేటట్టు గీకి, ఆ చెత్తను తడిగోనెలో మూట కట్టి ఊరవతల పాతించాడు. రాళ్ళ సందుల్లో మెత్తబడ్డ మట్టిని కూడా తీశాడు. గోడను అట్లా బోసిగా వదిలి, రోజూ బొగ్గుల కుంపట్లు పెట్టి ఆరనిచ్చాడు. సిమెంటు వేస్తే తొందరగా అయిపోతుంది కదా అని మా ఆయన అంటే, "సిమెంటు చెమ్మను లోపల తాళమేసి పెడతది సాబ్" అన్నాడు. గోడ ఎండాక బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం పోసి నూరిన గచ్చు పూశాడు. ఆఖరున మైలుతుత్తం కలిపిన సున్నం వేశాడు. గూట్లో దేవుని పటాలు మళ్ళీ పెట్టే రోజు, "మీరే పెట్టుకోండమ్మా, నా చేతులకు సున్నమున్నది" అని పక్కకు జరిగి నిలబడ్డాడు. పగలని ఎనిమిది బండలను గోడకు ఎదురు వాటంతో తానే పరిచాడు. అప్పటి నుంచి మా స్నానాల నీళ్ళు పెరటి నడుమ నుంచి అందరి కళ్ళ ముందే పారాయి. ఎవరూ ఏమీ అనలేదు.

గోడ ఎండి, పూత ఆరేసరికి పదిహేను రోజులు కాస్తా ఇరవై అయ్యాయి. వదిన గడువు మాట ఎత్తలేదు. అత్తమ్మ మంచం మళ్ళీ గదిలో వేసిన రోజు, మూట కట్టిన చీరలను తానే విప్పి సందూకులో సర్ది, మర్పల్లి బస్సు ఎక్కింది.

మళ్ళీ వానలు పట్టుకున్నాయి. పది రోజులు ఎడతెగని ముసురు. గోడ తెల్లగానే ఉంది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. పొద్దున లేవగానే వంటింట్లోకి పోయే ముందు అత్తమ్మ గది గడపలో నిలబడి ఆమె ఊపిరి వినేదాన్ని. ఈల వినపడుతుందేమోనని చెవులు రిక్కించి, నా ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది. వీపు మెల్లగా లేచి దిగేది. మొదటి రోజు వినపడలేదు. రెండో రోజు వినపడలేదు. పదో రోజో, పదకొండో రోజో, అట్లాగే నిలబడి ఉంటే ఆమె ఇటు తిరగకుండానే, కళ్ళు తెరవకుండానే అంది.

"దినాం నిలవడి ఏమింటున్నవ్? బతికే ఉన్న. పోయి చాయ్ పెట్టు."

ఒక్కసారి కూడా ఆగకుండా, ఒక్క ఊపిరిలో అంది ఆ మాట మొత్తం. నేను పోయి పొయ్యి ముట్టించి, నీళ్ళు మరిగేదాకా దాని ముందే కూర్చుని తనివితీరా ఏడ్చాను.